సెపరేషనా, పార్టిషనా, బైఫర్కేషనా?

అంబత్తూరు ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. కాగితాల మీద మాత్రం చాలా దూరమే తిరిగింది. 1997లో చెంగల్పట్టు జిల్లా రెండు ముక్కలైనప్పుడు ఈ ఊరు తిరువళ్లూరు జిల్లా వాటాకు వచ్చింది. 2011లో ఇక్కడి మునిసిపాలిటీ చెన్నై కార్పొరేషన్‌లో కలిసిపోయి ఏడో జోన్ అయింది. 2018లో ఊరిని తిరువళ్లూరు నుంచి తీసి చెన్నై జిల్లాలో చేర్చారు. ఈ మధ్యలోనే, 2017లో, అంబత్తూరు సైకిళ్ల ఫ్యాక్టరీతో పేరు తెచ్చుకున్న కంపెనీ రెండు కంపెనీలైంది.

ఇవే సంగతులు ఇంగ్లిష్‌లో రాయమంటే ఒక్కోదానికి ఒక్కో క్రియ కావాలి. జిల్లాకు బైఫర్కేట్ అంటారు, కంపెనీకి డీమర్జ్ అంటారు. రాష్ట్రానికి సెపరేట్, దేశానికి పార్టిషన్, పార్టీకి స్ప్లిట్. వీటిలో ఏది ఎక్కడ వాడాలన్న వాదన పైకి వ్యాకరణం గొడవలా కనిపిస్తుంది. అరవై ఏళ్ల వ్యవధిలో రెండుసార్లు రాష్ట్రాల విభజన చూసిన తెలుగువాళ్లకు మాత్రం ఇది భాష దగ్గర ఆగే గొడవ కాదు. ఆస్తి, రాజధాని, ఆత్మగౌరవం అన్నీ ఆ క్రియకు వేలాడుతూ వచ్చాయి.

నిఘంటువుల దారి

పర్యాయపదాల మధ్య సన్నని తేడాలు చెప్పే పుస్తకాలు ఇంగ్లిష్‌లో రెండు శతాబ్దాలుగా వస్తున్నాయి. 1816లో జార్జ్ క్రాబ్ వేసిన పర్యాయపద వివరణ గ్రంథం వీటిలో పేరున్నది. 1852లో పీటర్ మార్క్ రోజె తన థెసారస్‌లో ఈ మాటలన్నిటినీ ‘డిస్‌జంక్షన్’ అనే శీర్షిక కింద కుప్ప పోశాడు. తేడాలు చెప్పడం ఆయన పని కాదు. 1942 నాటి వెబ్‌స్టర్స్ పర్యాయపద నిఘంటువు మళ్లీ క్రాబ్ దారి పట్టి సెపరేట్, పార్ట్, డివైడ్, సెవర్, సండర్, డైవోర్స్ అనే ఆరింటినీ ఒకే వరుసలో నిలబెట్టి విడమరిచింది.

ఈ సంప్రదాయం తేల్చిన ముఖ్యమైన తేడాను వంటింట్లోనే చూడొచ్చు. గుడ్డు పగలగొట్టి తెల్లసొన, పచ్చసొన వేరుచేస్తే అది సెపరేట్. అవి మొదటినుంచీ రెండే. ఒకే పెంకులో ఉన్నాయి, అంతే. దోసెపిండిని నాలుగు గిన్నెల్లోకి పంచితే డివైడ్. అక్కడ మొదట ఉన్నది ఒకటే, గీత మనం గీసిందే. కందులు విసిరితే పప్పు బద్దలుగా విడుతుంది. దాన్ని ఇంగ్లిష్‌లో స్ప్లిట్ అంటారు, ఎందుకంటే ఆ గింజలో చీలే దారి ముందే ఉంది. కట్టెలు కొట్టేటప్పుడు గొడ్డలి నార వెంట దిగితేనే స్ప్లిట్, అడ్డంగా కోస్తే ఆ మాట నప్పదు.

సెపరేట్ అన్నామంటే అవి ముందే రెండని ఒప్పుకున్నట్టే. డివైడ్ అంటే ముందు అది ఒకటని ఒప్పుకున్నట్టు. మామూలు సంభాషణలో ఎవరూ పట్టించుకోని తేడా ఇది. రాజకీయంలోకి వచ్చేసరికి ఇదే ప్రాణం అవుతుంది.

చేసిందెవరు?

నిఘంటువులవాళ్ల తర్వాత రెండో వర్గం భాషాశాస్త్రవేత్తలది. వీళ్లకు అర్థఛాయలకన్నా క్రియ వాక్యంలో ఎలా నడుస్తుందన్నది ముఖ్యం. ‘బ్రేక్’ లాంటి క్రియలు వాక్యంలో ఎలా ప్రవర్తిస్తాయో 1970లో చార్లెస్ ఫిల్‌మోర్ ఒక వ్యాసంలో విప్పి చూపించాడు. 1993లో బెత్ లెవిన్ ఇంగ్లిష్ క్రియల వర్గీకరణలో సెపరేట్ తరగతిని, స్ప్లిట్ తరగతిని విడివిడిగా పెట్టింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో అసీఫా మజీద్, మెలిస్సా బోవర్‌మన్ బృందం 61 చిన్న వీడియోలు తయారుచేసి, 28 భాషల వాళ్లకు చూపించి, ఏమంటారో అడిగింది. గుడ్డ చింపడం, తాడు కోయడం, కుండ పగలగొట్టడం లాంటివి ఆ వీడియోల్లో ఉన్నాయి. తెగే చోటు ముందే ఊహించగలమా లేదా అన్నది ఈ భాషలన్నీ ఏదో ఒక విధంగా పట్టించుకునే సంగతని 2007 ప్రాంతంలో వచ్చిన వాళ్ల ఫలితాలు చెప్పాయి. అదే వరుసలో భువనా నరసింహన్ హిందీ, తమిళ క్రియల మీద విడిగా రాసింది.

తెలుగు ఈ విషయంలో ఇంగ్లిష్ కన్నా పట్టింపు ఉన్న భాష. కుండ పగులుతుంది, కర్ర విరుగుతుంది, తాడు తెగుతుంది, గుడ్డ చిరుగుతుంది, కట్టె చీలుతుంది. వస్తువును బట్టి క్రియ మారుతుంది. అంతకన్నా పెద్ద సంగతి జంటల్లో ఉంది: పగులు, పగలగొట్టు, తెగు, తెంచు, చీలు, చీల్చు, విడిపోవు, విడదీయు. దానంతట అదే జరిగిందా, ఎవరైనా చేశారా అన్నది తెలుగు క్రియ నోరు తెరిచిన వెంటనే చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో స్ప్లిట్, డివైడ్, సెపరేట్ అనే మాటలు రెండు పక్కలా ఒకే రూపంలో నడుస్తాయి. పార్టీ స్ప్లిట్ అయిందన్నా, పార్టీని స్ప్లిట్ చేశారన్నా క్రియ మారదు. సెసీడ్ మాత్రం పోయేవాడి క్రియ. సెవర్ అంటే ఎక్కువగా కోసేవాడు గుర్తొస్తాడు.

బైఫర్కేషన్ అనే నామవాచకంలో కర్త ఆచూకీ అసలే ఉండదు. అధికారులకు, పత్రికలకు ఆ మాట అంత ఇష్టం కావడానికి ఇదొక కారణమని అనుకోవడానికి ఆస్కారం ఉంది.

పాతది మిగిలిందా?

మూడో వర్గం న్యాయశాస్త్రానిది. విడిపోయాక మొదటి వస్తువు ఇంకా బతికుందా, లేక దాని స్థానంలో రెండు కొత్తవి పుట్టాయా అన్నది వీళ్ల ప్రశ్న.

1947 దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. జనం నోట, చరిత్ర పుస్తకాల్లో అది పార్టిషన్. అంటే ఉమ్మడి ఆస్తిని వాటాలు వేసుకోవడం. ఐక్యరాజ్యసమితి న్యాయ విభాగం మాత్రం ఆ ఆగస్టులోనే, ఉన్న రాజ్యం నుంచి ఒక భాగం ఊడి కొత్త రాజ్యమైన సందర్భంగా దాన్ని చూసింది. ఫలితంగా భారత్ సభ్యత్వం అలాగే కొనసాగింది. పాకిస్తాన్ కొత్తగా దరఖాస్తు పెట్టుకుని సెప్టెంబరు 30న సభ్యదేశమైంది. చెకోస్లొవేకియా దారి వేరు. 1992 చివరి రోజుతో ఆ దేశం లేకుండా పోయింది. చెక్, స్లొవాక్ రిపబ్లిక్‌లు రెండూ 1993 జనవరి 19న కొత్త సభ్యులుగా చేరాయి. దీన్ని డిసొల్యూషన్ అన్నారు. సోవియట్ యూనియన్ కుప్పకూలినప్పుడు రష్యా పాత కుర్చీలోనే కూర్చుంది.

కంపెనీల లోకంలో ఇదే ప్రశ్న మరింత విచిత్రంగా తేలుతుంది. అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది. దాని యాజమాన్య సంస్థ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ ఆఫ్ ఇండియా 2017లో తయారీ వ్యాపారాన్ని, ఆర్థిక పెట్టుబడులను వేరుచేసింది. తయారీ వ్యాపారం కొత్త కంపెనీకి వెళ్లింది, పాత పేరు కూడా దాని వెంటే వెళ్లింది. పాత కంపెనీ టీఐ ఫైనాన్షియల్ హోల్డింగ్స్ అయి, తర్వాత చోళమండలం పేరు పెట్టుకుంది. పాత పేరు మోస్తున్నది చట్టం లెక్కలో కొత్త సంస్థ. కొత్త పేరు పెట్టుకున్నదే పాత సంస్థ. ఎవరు ఎవరి నుంచి విడిపోయారని వాటాదారుణ్ణి అడిగితే తల గోక్కోవాల్సిందే. 1961 ఆదాయపు పన్ను చట్టం మాత్రం తడబడలేదు. సెక్షన్ 2(19ఏఏ)లో డీమర్జర్‌కు నిర్వచనం ఇచ్చి, వదులుకునేదాన్ని డీమర్జ్‌డ్ కంపెనీ అని, పుచ్చుకునేదాన్ని రిజల్టింగ్ కంపెనీ అని పిలిచింది. ఆ షరతులకు సరిపోతే పన్ను రాయితీ, సరిపోకపోతే లేదు. ఇక్కడ స్ప్లిట్ అని రాస్తే అది షేరు ముఖవిలువ ముక్కలు చేయడమవుతుంది, పూర్తిగా వేరే సంగతి.

కుటుంబ చట్టంలోనూ ఇంతే. మితాక్షర సంప్రదాయంలో సమష్టి కుటుంబం విడిపోవడానికి రెండు అంచెలున్నాయి. నేను వేరు పడుతున్నానని ఒక సభ్యుడు స్పష్టంగా తెలియజేస్తే ఉమ్మడి హోదా తెగిపోతుంది. దాన్ని కోర్టులు సెవరెన్స్ ఆఫ్ స్టేటస్ అంటాయి. పొలానికి గట్లు వేసి, ఇంటికి గోడ కట్టి ఎవరి వాటా వాళ్లకు చూపించడం తర్వాతి పని. దాన్ని కొలతలూ హద్దుల ప్రకారం పార్టిషన్ అంటారు. ఈ రెంటి మధ్య ఏళ్లకు ఏళ్లు గడిచిపోవచ్చు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చినప్పుడు, ఆ సెక్షన్ కోసం పార్టిషన్ అంటే రిజిస్టరైన దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగినదే అని వివరణ చేర్చారు. అన్నదమ్ములు ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నామని చెప్పి ఆడపిల్లల వాటా ఎగ్గొట్టే దారి దాంతో చాలావరకు మూసుకుపోయింది. భార్యాభర్తల విషయంలో 1955 హిందూ వివాహ చట్టం జుడీషియల్ సెపరేషన్‌ను, డైవోర్స్‌ను వేర్వేరు సెక్షన్లలో పెట్టింది. మొదటిదానిలో కాపురం ఆగుతుంది, పెళ్లి అలాగే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఈ రెండు మాటలూ కలిపి వాడేసే విలేకరి వార్త కాదు, పొరపాటు రాస్తున్నట్టు.

మద్రాసు దగ్గర పడిన ముడి

ఈ మూడు ప్రశ్నలూ ఒకేసారి తగులుకున్న చోటు మద్రాసు. 1949 ఏప్రిల్‌లో జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభిల జేవీపీ కమిటీ, మద్రాసు నగరం మీద హక్కు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడవచ్చని చెప్పింది. ఆ ఏడాది చివర్లో ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా అధ్యక్షతన పనిచేసిన సంఘానికి పార్టిషన్ కమిటీ అనే పేరు. టంగుటూరి ప్రకాశం అందులో అసమ్మతి పత్రం రాశాడు.

పేరులోనే చిక్కు ఉంది. పార్టిషన్ అయితే ఇద్దరు వాటాదారులు, ఒక ఉమ్మడి ఆస్తి. అప్పుడు నగరంలోనూ వాటా అడగవచ్చు. ‘మద్రాస్ మనదే’ అన్న నినాదం వెనక ఉన్న తర్కం ఇదే. సెపరేషన్ అయితే ఒకరు లేచి వెళ్లిపోతున్నారు, ఇల్లు ఉన్నవాళ్లది. జేవీపీ నివేదిక పెట్టిన షరతు ఈ రెండో లెక్కలోది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణాలు విడిచాడు. నాలుగు రోజుల తర్వాత నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం పుట్టింది. మద్రాసు రాష్ట్రం అదే పేరుతో, అదే రాజధానితో మిగిలింది. ఫలితాన్ని బట్టి చూస్తే జరిగింది సెపరేషన్. అయినా హైకోర్టు మాత్రం వెంటనే వేరు కాలేదు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది 1954 జూలై 5న.

సరిహద్దు మీద మిగిలిన పేచీకి మరో మాట కావలసి వచ్చింది. అంబత్తూరు మీదుగా అరక్కోణం వెళ్లి రేణిగుంట దారి పట్టే రైలుకు తిరుత్తణి తగులుతుంది. ఆ తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోది. మధ్యవర్తి పటాస్కర్ సిఫారసుల మీద అది మద్రాసుకు వెళ్లింది, బదులుగా చెంగల్పట్టు జిల్లాలోని కొన్ని ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఆ మార్పిడి చేసిన చట్టం పేరులో పార్టిషన్ లేదు, సెపరేషన్ లేదు. ఆల్టరేషన్ ఆఫ్ బౌండరీస్ అని చల్లగా పెట్టారు. సొంత జిల్లా మారినవాళ్లకు అది అంత చల్లగా అనిపించిందా అంటే అది వేరే మాట.

అదే మద్రాసులో మరో మాట కూడా గట్టిగా వినిపించేది: సెసెషన్. ద్రవిడనాడు కోరిక రాష్ట్రం విడిపోవడం గురించి కాదు, దేశం నుంచి విడిపోవడం గురించి. 1963లో పదహారో రాజ్యాంగ సవరణ వచ్చే వేళకు డీఎంకే దాన్ని పక్కన పెట్టేసింది. ఈ చరిత్ర తెలిసినవాళ్లకు సెపరేట్ స్టేట్ అడగడానికి, సెపరేటిస్ట్ అనిపించుకోవడానికి ఎంత దూరమో తెలుసు. తర్వాత తెలంగాణ ఉద్యమకారులను ‘వేర్పాటువాదులు’ అని ప్రత్యర్థులు పిలిచినప్పుడు వాళ్లకు మండిపోయింది అందుకే. మూలం ఒకటే అయినా, ఒక మాట రాజ్యాంగంలోని మూడో అధికరణానికి లోబడింది, రెండోది ఆ రాజ్యాంగాన్నే కాదన్నట్టు వినిపిస్తుంది.

బైఫర్కేషన్ గెలిచిన కథ

మూడో అధికరణం వాడిన మాట సెపరేషన్: ఏ రాష్ట్రం నుంచైనా భూభాగాన్ని వేరుచేసి కొత్త రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ విభజనకు 2014లో చేసిన చట్టం పేరు రీఆర్గనైజేషన్. 1960లో బొంబాయికి, 1966లో పంజాబుకు, 2000లో బిహార్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్‌లకు వాడిన అదే ముద్ర. ఉద్యమం అడిగింది ప్రత్యేక తెలంగాణ. సమైక్యవాదులు వద్దన్నది విభజన. ఇన్ని మాటలు బరిలో ఉండగా ఇంగ్లిష్ పత్రికల్లో స్థిరపడింది బైఫర్కేషన్.

లాటిన్‌లో ఆ మాటకు మూలం రెండు కొమ్మల పంగలకర్ర. నది, రోడ్డు, రక్తనాళం, వీటికి వాడేది. ఇంగ్లండులో రాష్ట్రానికో జిల్లాకో దీన్ని అంటగట్టడం అరుదు. భారతీయ ఇంగ్లిష్‌లో అది ఆఫీసు మాట. అక్కడితో ఆగకుండా ట్రైఫర్కేషన్ కూడా మామూలైపోయింది: 2012లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ మూడైంది (2022లో మళ్లీ ఒకటైంది), 2019లో వేలూరు జిల్లా మూడు జిల్లాలైంది. శుద్ధవాదులు దీన్ని తప్పంటారు. వాడుకవాదులు కోట్లమంది రాసేది తప్పెలా అవుతుందంటారు. ఈ వాదనలో వాడుకవాదులదే పైచేయి అనిపిస్తుంది. అయితే వాళ్లు చూడని లోపం ఒకటుంది. పంగలో రెండు కొమ్మలూ సమానం, మొదలు రెంటికీ ఒకటే. 2014లో జరిగింది అదేనా?

తెలంగాణ వాదన ప్రకారం కాదు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ప్రాంతం తన దారిన తను బయటికి వచ్చింది. అంటే గుడ్డులో పచ్చసొన లెక్క, సెపరేట్. ఆంధ్ర ప్రాంతపు వాదన ప్రకారం ఒకే భాష మాట్లాడే ఒక రాష్ట్రాన్ని ఢిల్లీలో కూర్చుని కోశారు, అంటే డివైడ్. తెలుగు క్రియలు దీన్ని దాచలేదు. తెలంగాణలో ‘విడిపోయి కలిసుందాం’ అన్నారు, ఆంధ్రలో ‘అడ్డగోలుగా విడగొట్టారు’ అన్నారు. జూన్ 2 తెలంగాణలో ఆవిర్భావ దినోత్సవం. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి కొన్నేళ్లు అదే తేదీన నవనిర్మాణ దీక్ష జరిగింది. చట్టం ఈ గొడవ జోలికి పోకుండా, ఆంధ్రప్రదేశ్ పేరు అలాగే ఉంచి, రెంటినీ సక్సెసర్ స్టేట్స్ అంది. ఉమ్మడి సంస్థల ఆస్తి అప్పులకు జనాభా లెక్కన 58.32, 41.68 శాతాల నిష్పత్తి వచ్చింది. ఆ చట్టం తొమ్మిదో షెడ్యూలులోని సంస్థల పంపకాన్ని పరిశీలించిన షీలా భిడే కమిటీ దాకా వచ్చేసరికి మాట మళ్లీ కంపెనీల భాషలోకి, డీమర్జర్‌కు మారిపోయింది.

రైల్వేలో మాట మారితే ఏమవుతుందో చూడటానికి వాల్తేరు డివిజన్ ఉంది. 2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించినప్పుడు, వాల్తేరు బైఫర్కేట్ అవుతుందన్నారు. ఒక ముక్క విజయవాడ డివిజన్‌లో, మరొకటి కొత్త రాయగడ డివిజన్‌లో. అంటే వాల్తేరు అనేది ఇక ఉండదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం మాట మార్చింది. డివిజన్‌ను ట్రంకేటెడ్ రూపంలో ఉంచి విశాఖపట్నం డివిజన్ అని పేరు పెడతామంది. రాయగడకు పోయే లైన్లు పోయేవే. కానీ మొదటి మాటలో డివిజన్ మాయమైంది, రెండో మాటలో కుదించుకుపోయినా బతికి బయటపడింది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ముందే రెండుగా ఉన్నవాటికి సెపరేట్, ఒకటిగా ఉన్నదానికి డివైడ్ అన్న క్రాబ్, వెబ్‌స్టర్స్ వారసత్వపు తేడా ఇప్పటికీ నిలబడుతుంది. వాటాదారులు, హక్కులు, పత్రాలు ఉన్నచోట పార్టిషన్ సరైనది, అవి లేనిచోట అది నెత్తురు వాసనతో వస్తుంది. స్ప్లిట్‌లో దురుసుతనం, లోపలి పగులు రెండూ ఉన్నాయి. 1964లో సీపీఐ నుంచి 32 మంది జాతీయ మండలి సభ్యులు బయటికొచ్చి, తెనాలి సదస్సు జరిపి, కలకత్తా మహాసభతో సీపీఎం పుట్టించినదాన్ని స్ప్లిట్ అనే అంటారు. తెలుగులో చీలిక. అక్కడ బైఫర్కేషన్ అంటే నవ్వొస్తుంది. ఫిషన్ శాస్త్రానికే పరిమితం. 1939లో యురేనియం కేంద్రకం రెండవడానికి పేరు వెతుకుతూ ఆటో ఫ్రిష్, కణం రెండుగా విడిపోవడాన్ని ఏమంటారని కోపెన్‌హాగన్‌లో విలియం ఆర్నాల్డ్ అనే జీవశాస్త్రవేత్తను అడిగి తెచ్చుకున్న మాట అది. ఎవరూ నొచ్చుకోకూడదనుకున్నప్పుడు ప్రభుత్వాలు రీఆర్గనైజేషన్ అంటాయి.

ఇంకా తేలనివి

వస్తువులకు సంబంధించినంత వరకు తగువు దాదాపు తీరినట్టే. కంపెనీ, కుటుంబం, పెళ్లి విషయాల్లో చట్టం నిర్వచనాలు ఇచ్చేసింది. రాష్ట్రాలు, జిల్లాల దగ్గరే చిక్కు మిగిలింది. 2014 తర్వాతి ఆంధ్రప్రదేశ్‌ను ఇంగ్లిష్‌లో రెసిడ్యువరీ స్టేట్ అని రాసినవాళ్లున్నారు. మిగిలిపోయిన ముక్క అన్నట్టుగా ఉందని దానిమీద అభ్యంతరమూ ఉంది. సక్సెసర్ అంటే చట్టానికి సరిపోతుంది గానీ, పేరు మారని రాష్ట్రం తనకు తానే వారసురాలు కావడం వినడానికి వింతగా ఉంటుంది.

విడిపోక ముందున్నదాన్ని ఏమనాలన్నది ఇంకో పేచీ. 1953కు ముందటి మద్రాసును చరిత్రకారులు కాంపొజిట్ అంటారు. 2014కు ముందటి ఆంధ్రప్రదేశ్‌కు యునైటెడ్, అన్‌డివైడెడ్, కంబైన్డ్, ఎర్స్‌ట్‌వైల్ నాలుగూ నడుస్తున్నాయి. యునైటెడ్ అంటే సమైక్యవాదం వినిపిస్తుంది, ఎర్స్‌ట్‌వైల్ అంటే రాచరికం గుర్తొస్తుంది. తెలుగు పత్రికలు ఆ తలనొప్పి లేకుండా ఉమ్మడి కుటుంబం నుంచి ‘ఉమ్మడి’ తెచ్చుకుని ఉమ్మడి రాష్ట్రం, ఉమ్మడి హైకోర్టు అన్నాయి. 2016లో తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటి అయ్యాక ఉమ్మడి వరంగల్, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాక ఉమ్మడి కృష్ణా కూడా వచ్చేశాయి. అదే వార్తను ఇంగ్లిష్‌లోకి దించే డెస్కులో మాత్రం ఒకరు అన్‌డివైడెడ్ కృష్ణా అని, మరొకరు ఎర్స్‌ట్‌వైల్ కృష్ణా అని రాస్తున్నారు. కృష్ణా జిల్లా ఇప్పటికీ ఉంది కాబట్టి రెండో మాట ఎలా పొసగుతుందో ఆ రాసినవాళ్లే చెప్పాలి.